సాంచాల పానాలు, ఇంగ్లండు బండి

మొన్న జగిత్యాలలో కూరగాయలు కొనుక్కుని, కాకరకాయల సంచి చేతపట్టుకుని ఆటో కోసం నిలబడ్డాను. ఎదురుగా చాయ్ హోటల్ ముందు ఒక కుర్రవాడు పాతకాలపు ఇంగ్లండు మోటారు సైకిలును తంతున్నాడు. బండిని ముద్దుగా తుడిచి, కొత్తగా రంగు వేయించి తెచ్చుకున్నాడు గానీ అది మాత్రం పలకటం లేదు. తన్నటం, చెమట తుడుచుకోవటం, ఎవరైనా నవ్వుతున్నారేమోనని చుట్టూ చూడటం, మళ్ళీ తన్నటం. చాయ్ తాగుతున్న వాళ్ళు తలా ఒక సలహా పడేస్తున్నారు. నాకు కాళ్ళు నిలవలేదు. రోడ్డు దాటి వెళ్ళి, "కొడుకా, హ్యాండిల్ మీద ఎడమ పక్క చిన్న మీట ఉన్నది సూడు, దాన్ని జర ఎన్కకు తియ్యి. కిక్కు మెల్లగ నొక్కు, గట్టిగ తాకినంక ఆగు. అప్పుడు తన్ను" అన్నాను. అతను నన్ను చూశాడు, నా కాకరకాయలను చూశాడు, మర్యాద కొద్దీ చెప్పినట్టు చేశాడు. బండి ఒక్క తన్నుకే గొంతు విప్పింది. హోటల్లో చాయ్ గ్లాసులన్నీ పెదవుల దగ్గరే ఆగిపోయాయి. "ఆంటీ, మీకెట్ల తెల్సు?" అని అతను అడిగేలోపల నా ఆటో వచ్చేసింది. ఇంటికి చేరేదాకా నేను సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను. అతనికి చెప్పలేకపోయిన జవాబు ఇది.

మాది సిరిసిల్ల. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. సాంచాలు నడిచే రోజుల్లో మా వీధిలో మెల్లగా మాట్లాడటం అనేది ఎవరికీ తెలియదు. గుసగుసలు కూడా కేకలేసే చెప్పుకునేవాళ్ళం కాబట్టి రహస్యాలు ఉండేవి కావు. మా బాపు, అంటే మా నాన్న, ఆ సాంచాలను బిగించి, బాగుచేసే జాపరు. ఏ షెడ్డులో ఏ సాంచ దగ్గినా, తుమ్మినా వీధి చివర నుంచే కనిపెట్టి, "మూడో సాంచకు బెల్టు జారింది, పోయి సూడుర్రి" అనేవాడు. పోయి చూస్తే నిజమే అయ్యేది. ఆ గొప్ప చెప్పుకోవటంలో ఆయన ఏనాడూ మొహమాటపడలేదు. పెళ్ళికి పోయినా చావుకు పోయినా మాట తిరిగి తిరిగి సాంచాల దగ్గరికే వచ్చేది. మా అవ్వ, అంటే మా అమ్మే, మా వైపు అట్లాగే పిలుస్తాం, పక్కన కూర్చుని ఆయన అంగీ లాగుతూ ఉండేది.

అటువంటి ఊళ్ళో సాంచాలు ఆగిపోయాయి. నూలు ధర పెరిగింది, నేసిన బట్ట అమ్ముడుపోలేదు, షెడ్లకు తాళాలు పడ్డాయి. చేతనైన వాళ్ళు భివండికి, సూరత్‌కు పోయారు. మిగిలినవాళ్ళు గల్ఫ్ ఏజెంట్ల చుట్టూ తిరిగారు. ఎటూ పోలేనివాళ్ళు అరుగుల మీద కూర్చున్నారు. ఊరంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైతే ఎంత భయమేస్తుందో చెప్పలేను. మా వీధిలోనే ఒకరిద్దరు ఆ బాధ తట్టుకోలేక ప్రాణం తీసుకున్నారు. మా బాపు మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. జ్వరం లేదు, నొప్పి లేదు. పిలిస్తే "ఊఁ" అనేవాడు, పెడితే తినేవాడు, అంతే. అవ్వ ఆయనను ఒంటరిగా వదిలేది కాదు. బీడీలు అప్పజెప్పటానికి కార్ఖానాకు పోవాల్సి వస్తే నన్ను కాలేజీ మానిపించి కూర్చోబెట్టేది. దండెం తాడు కూడా తీసేసి బట్టలను గోడ మీద ఆరేసేది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు, ఇద్దరికీ తెలుసు. ఒకనాడు బాపు గోడ మీంచి కళ్ళు తిప్పకుండానే, "ఆ పానాల సంచి పాత సామానోనికి ఏసెయ్యి. ఇగ నాకెందుకవి" అన్నాడు. ఆ మాట విన్నాక అవ్వకు అన్నం సహించలేదు. జాపరు తన పానాలు వద్దన్నాడంటే ఇంక దేన్నయినా వద్దంటాడని ఆమె భయం.

ఆ రోజుల్లోనే మా బావ మస్కట్ నుంచి వచ్చాడు. అక్కను కోరుట్లలో ఇచ్చాం. బావ మస్కట్‌లో ఒక గ్యారేజీలో పనిచేసేవాడు. కంపెనీ మూతపడితే తిరిగొచ్చాడు. పెద్ద సూట్‌కేసు తెచ్చాడని కోరుట్ల వాళ్ళంతా మూగారట గానీ, తెరిస్తే అందులో ఒక సెంటు సీసా, రెండు దుప్పట్లు, నీలం డబ్బాలో తళతళలాడే పానాల సెట్టు మాత్రమే ఉన్నాయి. అక్క బీడీలు చుట్టి ఇల్లు నెట్టుకొస్తోంది. గల్ఫ్ నుంచి వచ్చినవాణ్ణి మా దగ్గర ఎవరైనా మొదట అడిగేవి రెండే ప్రశ్నలు: ఎప్పుడొచ్చినవు, మళ్ళెప్పుడు పోతవు? రెండో ప్రశ్నకు జవాబు లేని మనిషికి బజారులో నడవటమే కష్టం. ఆ ప్రశ్న తప్పించుకోవటానికి బావ చుట్టాల ఇళ్ళన్నీ తిరుగుతూ ఒకసారి రాయికల్‌లో మా పెద్దమ్మ ఇంటికి పోయాడు. అక్కడ కొట్టంలో ఆయనకు ఆ బండి కనిపించింది.

మా పెద్దమ్మ పెనిమిటి కాలంచేసి చాలా ఏళ్ళయింది. ఆయన ఎవరి దగ్గరో కొని నడిపిన ఇంగ్లండు బండి అది. కంపెనీ పేరున్న బిళ్ళ ఎప్పుడో ఊడిపోయింది. ట్యాంకు కింద కోడి పొదిగేది. సైలెన్సరు గొట్టంలో కందిరీగలు మట్టిగూడు పెట్టుకున్నాయి. తునికాకు కట్టలు పెట్టుకోవటానికి జాగా కావాలని పెద్దమ్మ దాన్ని తీసేద్దామనుకుంటోందట. బావ, "నేను తీస్కపోత పెద్దమ్మా" అన్నాడు. కోరుట్లలో వాళ్ళది ఒక్క గది ఇల్లు, కాబట్టి టెంపోలో గడ్డి పరిచి, దాని మీద బండిని పడుకోబెట్టి, సరాసరి సిరిసిల్లకు మా వాకిట్లోకి తెచ్చాడు. తోడుగా అక్క కూడా వచ్చింది. దించేటప్పుడు రెండు కోడిగుడ్లు కూడా దొరికాయి. "బండి నడుసుడేమో గని గుడ్లు మాత్రం పెడుతది" అని అక్క అంటే చాలా రోజుల తర్వాత మా ఇంట్లో నవ్వు వినిపించింది. మంచం మీద మనిషి మాత్రం తల తిప్పలేదు.

బావ మర్నాడే నీలం డబ్బా తెరిచి పనిలోకి దిగాడు. మస్కట్‌లో జపాను బండ్లను కళ్ళు మూసుకుని విప్పేవాణ్ణని చెప్పుకున్నాడు. ఇక్కడ కళ్ళు తెరిచినా పని కాలేదు. ఒక పానా పట్టదు, తరువాతిది వదులు. గట్టిగా తిప్పితే జర్రుమని జారి చేతి వేళ్ళు ఇంజనుకు కొట్టుకునేవి. ఇంగ్లీషువాణ్ణి, వాడి వంశాన్ని అరబ్బీలో తిట్టేవాడు. ఆ మధ్యాహ్నం మరోసారి పానా జారింది. అప్పుడు మంచం మీద నుంచి ఒక మాట వచ్చింది.

"ఆగు."

మేమంతా బిగుసుకుపోయాం. బాపు తనంతట తాను నోరు తెరిచి ఎన్నాళ్ళయిందో. లేచి కూర్చుని, "ఆ పానాతోని తిప్పకు అల్లుడా, నట్టు మూలలు అరిగిపోతయ్. చప్పుడు ఇనవడ్తలేదా? నట్టుకు పెద్ద అంగి తొడిగినట్టున్నది నీ మస్కట్ పానా. గది మిల్లీమీటర్లది కాదు, సూతుల లెక్కది" అన్నాడు. సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. సాంచాల దగ్గర అందరూ మాట్లాడే లెక్క అదే. ఆ ఊపులోనే లేచి వచ్చి తలుపు వెనుక కొక్కెం మీదికి చెయ్యి పెట్టాడు. అక్కడ సంచి లేదు. తానే పాత సామానుకు వేసెయ్యమన్న సంగతి ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. చెయ్యి కొక్కెం మీదే ఉండిపోయింది. ఆ ముఖం నేను మరిచిపోలేను. అవ్వ లోపలికి పోయి, బియ్యం డ్రమ్ములో భుజం దాకా చెయ్యి పెట్టి, సంచిని బయటికి లాగింది. గింజలు జలజలా రాలాయి. "పాత సామానోడు ఆ దినం రాలే" అంది. ఆ రోజు వాడు మా గుమ్మం ముందే నిలబడి గొంతు పోయేలా అరిచిపోయాడని బాపుకు తెలుసు. ఆమె వైపు ఒక్కసారి చూసి, సంచి అందుకున్నాడు.

జిడ్డుగుడ్డ విప్పి ఒక పానా తీసి నట్టుకు పెట్టాడు. టక్కుమని కూర్చుంది. మోచేతితో ఒక్క ఊపు. ఏళ్ళ తరబడి కదలని నట్టు కిర్రుమని తిరిగింది. "ఇది మన సాంచ నట్టే గదనే!" అని బాపు పెట్టిన కేకకు పక్కింటి వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఇంకో పానా, ఇంకో నట్టు. అదీ పట్టింది. "సూడు అల్లుడా, సూడు! సాంచను చేసినోడు, గీ బండిని చేసినోడు ఒక్క ఊరోళ్ళే!" మా సాంచాలు కూడా ఏనాటివో ఇంగ్లీషు నమూనావే. భివండి వాళ్ళు అరగదీసి అమ్మితే మాకు వచ్చినవి. వాటి బోల్టుల కొలతా, ఈ బండి బోల్టుల కొలతా ఒక్కటే. దేశం దాటి వచ్చిన నీలం డబ్బా మూసుకుంది. జిడ్డుసంచి నోరు తెరిచింది. బావకు చిన్నతనం అనిపించలేదు. తన చేతి వేళ్ళు బతికాయని ఆయనకు ఒకటే సంబరం.

ఇంక మా ఇల్లు ఇల్లు కాదు. వాకిలంతా కిరసనాయిలు వాసన, చాపల మీద వరసగా పేర్చిన ఇనుపముక్కలు. పనికిరాని నూలు పోగులే తుడిచే గుడ్డలయ్యాయి. ఇంజను అతుకుల్లో నూనె కారకుండా పెట్టటానికి, సాంచలో పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెకు దెబ్బ కొట్టే ముక్కకున్న మందపాటి తోలును బాపు కత్తితో చెక్కి సరిగ్గా అమర్చాడు. అరుగుల మీద కూర్చున్న జాపర్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. పని తక్కువ, సలహాలు ఎక్కువ. అందరికీ చాయ్ పోయలేక అవ్వ గిన్నెలో నీళ్ళు పెంచుతూ పోయింది. ట్యాంకుకు ఏ రంగు అని పంచాయితీ జరిగి, చివరికి అక్క మాట ప్రకారం నలుపు ఖాయమైంది. దాని మీద పసుపు గీత గీసే పని నాకిచ్చారు. కుడివైపు గీత బాగానే వచ్చింది. ఎడమవైపు గీత చూసి బావ, "మందు తాగి గీసినవా మరదలా?" అన్నాడు.

ఒకరోజు ప్లగ్గులో నిప్పురవ్వ వస్తోందో లేదో చూడాలి. పట్టుకొమ్మని బావ ప్లగ్గు తీగను నా చేతికిచ్చాడు. ఎక్కడ పట్టుకోవాలో చెప్పటం మరిచాడు. బాపు కిక్కు కొట్టాడు. నేను ఎగిరి కట్టెల మోపు మీద పడ్డాను. నన్ను లేపాల్సిన నలుగురూ, "అచ్చింది! కరెంటచ్చింది!" అని ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ఊగిపోయారు. ఆడపిల్లకు షాక్ కొట్టిందని ఇంటిల్లిపాదీ పండుగ చేసుకున్నది ఈ ప్రపంచంలో మా ఇంట్లోనే అయ్యుంటుంది. నిజం చెప్పాలంటే నేను కూడా మోపు మీద పడి నవ్వుతూనే ఉన్నాను. ఆ నిప్పురవ్వ ఏ క్షణంలో పడాలనే దగ్గర బావ తికమకపడితే, బాపు తేల్చేశాడు. "సాంచల నాడెను ఎప్పుడు కొట్టాలె? పోగులు పూర్తిగ విచ్చుకున్నంక. జర ముందు కొట్టినా పోగు తెగుతది, ఎన్క కొట్టినా తెగుతది. గిదీ గంతే. దెబ్బ ఎప్పుడు పడాల్నో గదే ముచ్చట." అట్లా చెవి పెట్టి వింటూ, వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు. ఆ మనిషి ముఖంలో వెలుగు చూస్తుంటే నాకు గంతులేయాలనిపించేది.

పని దగ్గరపడేకొద్దీ అవ్వ మాత్రం దిగులుపడసాగింది. ఇంతలో కార్బరేటరులో తేలే చిన్న ఇత్తడి బుడ్డి మాయమైంది. అది లేకపోతే బండి లేదు. చాపలు దులిపారు, కిరసనాయిలు డబ్బాలు వంపారు, పొయ్యిలో బూడిద జల్లెడ పట్టారు. జాపర్లంతా వంగి వాకిలంతా వెతుకుతుంటే నాట్లు వేస్తున్నట్టు కనిపించింది. చివరికి బాపు నడుం పట్టుకుని లేచి, గడపలో కూర్చుని బీడీలు చుడుతున్న అవ్వ ముఖాన్ని కాసేపు చూశాడు. దగ్గరికి పోయి మెల్లగా అడిగాడు.

"బియ్యం డ్రమ్ములున్నదా?"

"కాదు. ఎల్లిపాయల గంపల."

"ఎందుకు దాచినవే?"

అవ్వ చేట పక్కన పెట్టింది. "బండి అయిపోతే ఏం జేస్తవు? మళ్ళ గోడ దిక్కు తిరుగుతవు. నాకు భయమైతుంది" అంది. కళ్ళు తుడుచుకోలేదు కూడా. బాపు గంపలోంచి బుడ్డి తీసుకుని, అంగీకి తుడుచుకుంటూ వాకిట్లోకి పోయాడు. ఆ రోజు ఆయన గొప్పలేమీ చెప్పలేదు.

బండి పలికిన రోజు వీధి వీధంతా మా వాకిట్లోనే ఉంది. బావ తన్నాడు, అది దగ్గింది. మళ్ళీ తన్నాడు, అది ఎదురుతన్ని ఆయన్ను కాసేపు కుంటించింది. బాపు హ్యాండిల్ మీద నిప్పురవ్వను ఆలస్యం చేసే చిన్న మీటను కొద్దిగా వెనక్కి జరిపి, చెవి వంచి, "ఇగ తన్ను" అన్నాడు. డబ్... డబ్... డబ్‌డబ్‌డబ్ అని నీలం పొగ కక్కుతూ అది అందుకుంది. రేకుల కప్పులు అదిరాయి. ఎన్నో నెలలుగా సద్దు లేని వీధిలో మళ్ళీ ఒక యంత్రం నడుస్తోంది. పక్కింటి అత్త తనకు తెలియకుండానే పాత అలవాటు కొద్దీ గొంతు పెంచి, "ఏం కూరొండినవ్?" అని అవ్వను అరిచి అడిగింది. అవ్వ అంతకన్నా గట్టిగా అరిచి చెప్పింది. అందరూ అరుచుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు, ఇంకెవరో ఏడుస్తున్నారు. నాకైతే ఒళ్ళంతా పులకరించింది.

నడపటం ఇంకో కథ. ఆ బండికి గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర. మన బండ్లకు తారుమారు. బావ ఎక్కి, ఆపాల్సిన చోట గేరు మార్చి, పక్కింటి అత్త ఆరబెట్టిన వడియాల మీదుగా దూసుకుపోయి గడ్డివాములో ఆగాడు. అలవాటున్న కాళ్ళు కదా, ఎంత చెప్పినా వినలేదు. బాపుకు సైకిలు తప్ప ఏదీ తెలియదు, కాబట్టి ఆయన కాళ్ళకు మరిచిపోవాల్సిందేమీ లేదు. "కుడిచేతి సాంచ, ఎడమచేతి సాంచ రెండూ నడిపినోన్ని, నాకిదొక లెక్కా" అంటూ ఎక్కాడు. మూతపడ్డ షెడ్ల మధ్య ఆ సందులో జాపర్లు వెంట పరుగెత్తుతుంటే రెండు రోజుల్లో నేర్చేశాడు. ఆ వయసులో మోటారు సైకిలు నేర్చుకున్న మగవాడి గొప్పలు ఎట్లా ఉంటాయో మీరే ఊహించుకోండి.

తరువాత బావకు వీసా వచ్చింది. వెళ్ళిపోయాడు. అక్క కోరుట్లలో ఒంటరిదయింది. జాపర్లు కూడా ఒక్కొక్కరే భివండి బస్సెక్కారు. వాకిలి ఖాళీ అయింది. బాపు బండిని తుడిచి, స్టాండు మీద పెట్టి, మంచం మీద కూర్చునేవాడు. పడుకోలేదు, కూర్చునేవాడు. అవ్వ మళ్ళీ ఆయన్ను కనిపెట్టుకుని ఉండసాగింది.

ఒక మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అవ్వ ఒక కాలికే చెప్పుతో వీధిలో నిలబడి ఉంది. నీళ్ళకు పోయి వచ్చేలోపల మంచం ఖాళీ, బండి లేదు. ఎవరికీ చెప్పలేదు. అన్నం కూడా తినలేదు. వీధిలో మిగిలిన మగవాళ్ళు కొందరు మానేరు వాగు వైపు, కొందరు పొలాల బావుల వైపు పరుగెత్తారు. అవ్వ ఏడవలేదు, గుంజ పట్టుకుని నిలబడింది. మంచినీళ్ళిస్తే తాగలేదు. వాగు దగ్గరికి పోయినవాళ్ళు తిరిగొచ్చి తల అడ్డంగా ఊపారు. లేడని చెప్పటం మంచి కబురో చెడ్డ కబురో తెలియక మేము అట్లాగే నిలబడ్డాం. పొద్దు వాలింది.

మొదట విన్నది అవ్వే. "సప్పుడు..." అంది. మాకేమీ వినిపించలేదు. కాసేపటికి వేములవాడ తోవ నుంచి సన్నగా డబ్ డబ్ అని వచ్చింది. బాపు తల నుంచి కాళ్ళ దాకా దుమ్ముకొట్టుకుని, కళ్ళు మాత్రం మెరుస్తూ, వాకిట్లోకి వచ్చి ఆపాడు. చందుర్తి, కథలాపూర్ మీదుగా కోరుట్ల పోయి వచ్చాడు! హ్యాండిల్‌కు వేలాడుతున్న గుడ్డమూటలో అక్క చేసిచ్చిన సర్వపిండి రొట్టెలు. "బిడ్డను సూసచ్చిన. ఒక్కతే ఉన్నది గదా. కథలాపూర్ కాడ ఏమురికింది అనుకున్నవ్! బస్సోన్ని దాటేసిన" అంటున్నాడు. అవ్వ పోయి రెండు పిడికిళ్ళతో ఆయన ఛాతీ మీద బాదింది. "చెప్పి పోతే ఏమాయె? ఏమాయె నీకు చెప్పి పోతే?" అని వీధిలో అందరి ముందూ బాదింది, అప్పుడు ఏడ్చింది. బాపు బిత్తరపోయాడు. చుట్టూ నిలబడ్డవాళ్ళ బురద కాళ్ళు చూశాక ఆయనకు సంగతి అర్థమయినట్టుంది. బండి పక్కన గొంతుకూర్చుని, వేడి ఇంజను దగ్గర చెవి పెట్టి, "చైను జర లూజయింది. రేపు పొద్దుగాల ఇప్పాలె" అన్నాడు.

అవ్వ ఏడుపు ఆపింది. "ఏమన్నవ్? మళ్ళ అను."

"రేపు పొద్దుగాల ఇప్పి బిగియ్యాలె అంటున్న."

ఆమె మెల్లగా కొంగుతో ముఖం తుడుచుకుని, సర్వపిండి మూట అందుకుని, "అయితే రాత్రికి పొద్దుపోయేదాక ముచ్చట్లు పెట్టకు, జల్ది పండు" అని లోపలికి పోయింది. ఆ తర్వాత బాపు చాలా ఏళ్ళు బతికాడు, ఆ బండిలో విప్పాల్సింది ఎప్పుడూ ఏదో ఒకటి మిగిలే ఉండేది. కాలం గడిచిపోతుందనే అందరూ అనగా విన్నాను గానీ, పోయిందనుకున్న రేపు బండెక్కి మా వాకిట్లోకి తిరిగి రావటం నేను చూసింది ఆ ఒక్క సాయంత్రమే.